నేర్పా? జూదమా? – పేకాటను గూర్చిన యొక వివాదచరిత్ర

ఆంధ్రప్రదేశమునకును కర్ణాటకమునకును నడుమ గీయబడిన సరిహద్దుగీత మా పెద్దతిప్పసముద్రమునకు దూరము కాదు. మా యూరి పేరులో సముద్రమున్నను ఇచ్చట నున్నది చెఱువే. వానలు లేని యేట దానిలో నీరును ఉండదు. ఇచ్చటి జనులు తెలుగు మాటలాడుచు, కన్నడదేశపు సంతలకు బోవుచు, ఆ వైపు పిల్లనిచ్చి ఆ వైపునుండియే పిల్లను దెచ్చుకొనుచు, నడుమ గీత యొకటి యున్నదని పెద్దగా తలంపకయే బ్రదుకుచుందురు. కాని 2020వ సంవత్సరము సెప్టెంబరు మొదలుకొని కొన్నియేండ్లపాటు ఈ గీత మా యువకులకు మిక్కిలి స్పష్టముగా గానవచ్చెను. గీతకు ఈవల చేతిఫోనులో పందెమొడ్డి రమ్మీ యాడిన నేరము. గీతకు ఆవల అదియే ఫోను, అదియే యాట, అదియే పందెము. 2021 అక్టోబరు మొదలు 2022 ఫిబ్రవరి వఱకు గల కొలదినెలలు దప్ప, నేరము కాదు.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్టునందు టమోటా కిలోధర రమారమి రెండువందల రూపాయల వఱకు బోయిన సంగతి చదువరులు పత్రికలలో జూచియే యుందురు. ఆ నెలలో మా చుట్టుపట్ల కొందఱు రైతుల పాతయప్పులు దీరినవి. మేమెఱిగిన యొక యింట మాత్రము వచ్చిన ద్రవ్యము మూడునెలలు నిలువలేదు. ఆ యింటి కుమారుడు మాయొద్ద చదివినవాడు, లెక్కలలో చురుకైనవాడు. సాయంకాలము మోటారుసైకిలెక్కి సరిహద్దు దాటి, ఒక టీకొట్టు బల్లమీద గూర్చుండి, రాత్రి పొద్దుపోవువఱకు ఫోనులో రమ్మీ యాడుచు వచ్చెనట. తండ్రి మా యింటికి వచ్చినప్పుడు కన్నీరు పెట్టుకొనలేదు. అరుగుమీద గూర్చుండి తలగుడ్డ విప్పి మొగము దుడుచుకొని, "అయివారా, వాన్ని నేనేమని తిట్టేది? నేను టమోటా నారు పోసినప్పుడు కాసింది పందెం కాదా? నాకు తగిలింది, వానికి తగల్లేదు. అంతే గదా" అనెను. ధర్మశాస్త్రమును ఆంగ్లమును గూడ చదివినవారమని పేరు మోయు మేము ఆనాడు ఆయనకు ప్రత్యుత్తర మీయలేకపోతిమి.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టముచే ఈ విషయమున సరిహద్దుగీత చెఱిగిపోయినది. దేశమంతయు ఒక్కటే వైపయ్యెను. అటుపిమ్మట కొన్నినెలలకు మఱియొక పూర్వశిష్యునొద్దనుండి మాకు జాబు వచ్చినది. ఇతడు బెంగుళూరున ఉద్యోగము చేయుచు తీరికవేళల పోకరు అను పేకాట నాడువాడు. ఆ యాట చట్టసమ్మతము గావలెనని యత్నించు ఆటగాండ్ర సంఘమొకదానికి చందాదారుడు. సంఘమువారి విజ్ఞాపనపత్రమును బంపి, "శాస్త్రము చదివినవారు, పిల్లలకు బుద్ధి చెప్పువారు, మీరు సంతకము చేసినచో దానికి బరువుండును" అని వ్రాసినాడు. ఒకనాటి యరుగు సంభాషణము చెవిలో నుండగా ఆ పత్రము చేతికి వచ్చినది. వెంటనే సంతకము చేయుటకు మనసొప్పలేదు, చించివేయుటకును ఒప్పలేదు. అందుచేత ఈ వివాదము ఎచ్చట బుట్టి ఎట్లు నడచినదో మొదటినుండి చూడ బూనుకొంటిమి.

మన పూర్వులందఱును జూదమును ఏకకంఠముగా నిషేధించిరని సభలలో జెప్పువారు పెక్కురు గలరు. అట్టివారు మనువును మాత్రము చదివినవారు. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున జూదము బహిరంగచౌర్యముగా నెన్నబడినది. ప్రాణములేని వస్తువులతో నాడునది ద్యూతమనియు, ప్రాణులతో నాడించునది సమాహ్వయమనియు విభజింపబడినది. రెంటిని రాజు తన రాజ్యమునుండి తొలగింపవలెనని విధింపబడినది. వినోదమునకైనను ఆడరాదని చెప్పబడినది. ఇంతవఱకు నిజమే. కాని కౌటిల్యుని యర్థశాస్త్రము మూడవ యధికరణము చివర జూచినచో మాట మాఱును. అచ్చట ద్యూతాధ్యక్షుడను ఉద్యోగి కానవచ్చును. జూదమంతయు ఒక్కచోటనే జరుగునట్లు చూచుట ఆతని పని. వేఱొకచోట నాడినవానికి పండ్రెండుపణముల దండనము. పాచికలును గవ్వలును ఆతడే సరియైనవి యీయవలెను. వానిని మార్చినవానికి దండనము. గెలిచిన ధనమునుండి నూటికి అయిదు చొప్పున ఆతడు గ్రహించును. ఇదిగాక పాచికలకును, నీటికిని, స్థలమునకును రుసుము. ఇట్లేల చేయవలెననగా, గూఢముగా జీవించు దొంగలను గనిపెట్టుటకై యని కారణము చెప్పబడినది. కౌటిల్యుడు జూదమును మెచ్చుకొన్నవాడు కాడు. వ్యసనములను లెక్కించునప్పుడు దానిని తీవ్రముగనే నిందించినాడు. చీకటిలో జరుగుదానికంటె దీపముక్రింద జరుగునది మేలని యెంచినాడు, అంతియే.

యాజ్ఞవల్క్యుడును ఈ మార్గముననే నడచెను. జూదపుసాల నడుపువాడు సభికుడు. నూఱును అంతకు మించియు గెలిచినవానినుండి నూటికి అయిదు, తక్కినవారినుండి పది చొప్పున సభికుడు పుచ్చుకొనవలెను. రాజునకు ఒప్పుకొన్న భాగము చెల్లింపవలెను. గెలిచినవానికి రావలసినది వచ్చునట్లు చూడవలెను. రాజభాగము చెల్లించి, సభికుని యెదుట బహిరంగముగా జరిగిన యాటలో మాత్రమే ఓడినవానిచే రాజు ధనమిప్పించును. రహస్యముగా నాడినదానికి రాజు పూచీ లేదు. ఈ చివరి విషయమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థించుచున్నాము. ముందు దీనితో పని గలదు. బృహస్పతి ఈ రెండు పక్షములను జూచి, మనువు నిషేధించెననియు, ఇతరులు రాజభాగము గలిగిన పక్షమున దొంగలను గుర్తించుటకై యంగీకరించిరనియు స్పష్టముగా జెప్పినాడు. కావున నిషేధమా, నియమనమా యను వివాదము ఫోనులతో బుట్టినది కాదు; స్మృతికారుల నాడే దాని రెండు కొనలును కనబడుచున్నవి.

ఇక నేర్పు మాట. పోకరు సంఘమువారి పత్రము మొదటి పంక్తినుండి చివరి పంక్తివఱకు ఒక్క వాదముపైననే నిలిచియున్నది: తమ యాట నేర్పుచే గెలువబడునది గాని అదృష్టముచే గాదు అని. ఈ వాదమునకు మన వాఙ్మయమున మూలపురుషుడు ఋతుపర్ణుడు. నలుడు పుష్కరునిచేత నోడి రాజ్యము పోగొట్టుకొని, ఋతుపర్ణుని సారథియై యున్నప్పుడు, ఆ రాజు దారిలో నొక తాండ్రచెట్టు ఆకులను కాయలను ఒక్క చూపులో లెక్కించి చెప్పెను. నలుడు రథము నిలిపి లెక్కించి నిజమని తెలిసికొని, అశ్వవిద్య నిచ్చి యక్షవిద్యను గ్రహించెను. తరువాత మరల ఆడి గెలిచెను. ఆ కాలమున పాచికలు తాండ్రకాయలే యని తెలిసినవారికి ఈ కథలోని చమత్కారము మఱింత బోధపడును. సభాపర్వములోని ధర్మరాజు నోడించినదియు అదృష్టము కాదు, శకుని నేర్పు. నన్నయగారి తెలుగున ఈ కథ వినని యిల్లు మన దేశమున లేదు. కాని నేర్పు గలదని తెలిసినంతమాత్రమున ఆ సభలో జరిగినది ఎవ్వరును సమర్థింపరు. నేర్పు గలవాడును లేనివాడును ఎదురెదురుగా గూర్చున్నప్పుడు నేర్పే ప్రమాదమగును. సంఘమువారి పత్రమున ఈ సంగతి లేదు.

సమాహ్వయమునకు మన దేశమున సాక్ష్యము కొఱవలేదు. పల్నాటి కోడిపోరున నోడి మాచెర్లవారు ఏడేండ్లు వలసపోవలసి వచ్చిన కథయు, క్రీడాభిరామములో ఓరుగంటి కోళ్లపందెపు వర్ణనమును చాలును. కందుకూరి రుద్రకవి నిరంకుశుడైతే దేవాలయములో శివునితోనే జూదమాడి గెలిచినాడు! గురజాడవారి కన్యాశుల్కమున మధురవాణి యింటి పేకాట జ్ఞాపకముండని చదువరి యుండడు. వీనిని విడిచి చట్టమునకు వత్తము.

ఆంగ్లేయప్రభుత్వము 1867లో బహిరంగద్యూతమును గూర్చి చట్టము చేసినది. అందు కేవలము నేర్పుచే నడచు ఆటలకు ఈ చట్టము వర్తింపదని యొక చిన్న సెక్షను గలదు. ఇంగ్లండునుండి వచ్చిన ఈ చిన్నవాక్యమే మన వివాదమునకంతకు విత్తనము. హైదరాబాదు సంస్థానమున 1305 ఫసలీలో, అనగా 1895–96 ప్రాంతమున, ద్యూతచట్టము ఏర్పడెను. మా మదనపల్లె ప్రాంతము 1911 వఱకు కడపజిల్లాలోను, తరువాత చిత్తూరుజిల్లాలోను జేరి చెన్నరాజధాని క్రిందనుండెను గనుక, ఇచ్చట 1930 నాటి మద్రాసు గేమింగు చట్టము నడచినది. ఆంధ్రప్రదేశమునకంతకును ఒక్కటే చట్టము 1974లో గాని రాలేదు. రాజ్యాంగమున పందెములును జూదమును రాష్ట్రముల పట్టికలో 34వ యంశముగా జేర్చబడినవి. అందువలననే మా సరిహద్దుగీతకు అంత మహత్త్వము కలిగెను.

1957లో సుప్రీంకోర్టు ఎదుటికి ఆర్. ఎం. డి. చమర్‌బాగ్‌వాలా వ్యాజ్యములు వచ్చినవి. బెంగుళూరునుండి వెలువడు నొక వారపత్రికద్వారా పదవిన్యాసపు పోటీలు నడుపబడుచుండగా, బొంబాయి రాష్ట్రము వానిపై పన్నువేసినది. ఆట యొక రాష్ట్రమున, ఆటగాడు మఱియొక రాష్ట్రమున. ఫోనులేని కాలమున తపాలాబిళ్లతోనే సరిహద్దు దాటిన జూదమన్నమాట! ప్రధానన్యాయమూర్తి ఎస్. ఆర్. దాస్‌గారు ఆ తీర్పులో ఋగ్వేదము పదవమండలములోని జూదరి విలాపమును, మహాభారతమును, మనువును, యాజ్ఞవల్క్యుని, కౌటిల్యుని వరుసగా స్మరించిరి. సంస్కృతము చదివిన మావంటివారికి ఆ పుటలు చదువునప్పుడు కొంత గర్వము కలుగుట సహజము. తేల్చినది రెండుమాటలు: జూదము వ్యాపారము కాదు గనుక వ్యాపారస్వాతంత్ర్యము దానికి రక్ష కాదు, అయితే గెలుపు చాలమట్టుకు నేర్పుపై నాధారపడిన పోటీ జూదము కాదు. ఈ రెండవమాట తరువాతి వారందఱికి ఊతకఱ్ఱ యయ్యెను.

అసలు ఘట్టము మన తెలుగునేలమీదనే జరిగినది. సికిందరాబాదున క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు అని యొక క్లబ్బుండెను. 1963 మే నెలలో పోలీసులు దానిపై బడి, అయిదుగురు సభ్యులు పందెముపై రమ్మీ యాడుచుండగా పట్టుకొనిరి. పందెపుసొమ్ము దగ్గఱ నుంచుకొన్న క్లబ్బు కోశాధికారి ఆఱవ ముద్దాయి. హైదరాబాదు ద్యూతచట్టము క్రింద మేజిస్ట్రేటు శిక్ష విధించెను. హైకోర్టు దానిని కొట్టివేసెను. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు బోయెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును కె. సత్యనారాయణకును జరిగిన వ్యాజ్యమని దీనికి పేరు. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదాయతుల్లాగారు తీర్పు చెప్పిరి. రమ్మీ మూడుముక్కలాటవంటిది కాదు. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెను, ఏది పట్టవలెనో యేది విడువవలెనో యెఱుగవలెను. ముక్కలు కలిపి పంచుటచే కలుగు అదృష్టము బ్రిడ్జి యాటలోను ఉన్నదే కదా యనిరి. పేకలకును కుర్చీలకును క్లబ్బు కొద్దిపాటి రుసుము పుచ్చుకొనుట తప్పు కాదనియు జెప్పిరి. ముద్దాయిలు నిర్దోషులైరి.

ఈ తీర్పును రమ్మీ సంస్థలును పోకరు సంఘములును ఎన్నిమార్లు ఉదాహరించినవో లెక్కలేదు. మా శిష్యుడు పంపిన పత్రమునను గలదు. కాని అందఱును తీర్పు నగరువాకిటివఱకు వచ్చి లోపలికి బోకయే మరలుచున్నారు. న్యాయమూర్తిగారు అంతటితో విడువలేదు. ఇంటి యజమానుడుగాని క్లబ్బుగాని పందెపుటాటనుండి లాభము సంపాదించుచున్నట్లు సాక్ష్యమున్నయెడల, ఆ యాట రమ్మీ యైనను మఱియేదియైనను, నేరము నిలువవచ్చునని తీర్పులోనే చెప్పిరి. అనగా ప్రశ్న ఆట యెట్టిదని మాత్రమే కాదు, ఆడించువాడు ఏమి తినుచున్నాడని కూడ. ఈ రెండవ వాక్యమును సంఘమువారు అచ్చువేయలేదు. అది వారి కనులబడకపోవుటకు వీలులేదు.

పోకరు ఎఱుగని చదువరులకొఱకు రెండుమాటలు. నేడు మిక్కిలి ప్రచారమున నున్న తీరులో ఒక్కొక్కనికి రెండుముక్కలు మూసి పంచుదురు. అయిదుముక్కలు నడుమ అందఱికి గనబడునట్లు విప్పుదురు. విప్పినకొలది పందెము పెంచుటయో, విడిచిపెట్టుటయో జరుగును. యేబదిరెండు ముక్కలలో మొదటి రెండు 1,326 విధముల రావచ్చును. అయిదుముక్కల కలయికలు 25,98,960. ఈ లెక్కలు నోటబట్టినవాడు, ఎదుటివాని మనసును చదువగలవాడు, మంచిముక్కలు లేనప్పుడు విడిచిపెట్టుటకు సిగ్గుపడనివాడు కాలక్రమమున గెలుచును. ముక్కలు చూపకయే గెలువవచ్చుననుట ఇందలి విశేషము. ఒక్కచేతిలో అదృష్టమే ప్రభువు; వేలకొలది చేతులలో నేర్పే ప్రభువు. ఒకటి రెండు దినములు చూచి జూదమనువాడును, సంవత్సరము చూచి విద్య యనువాడును తమతమ మేరకు నిజమే చెప్పుచున్నారు. న్యాయస్థానములును ఇందుచేతనే విడిపోయినవి. పశ్చిమవంగరాష్ట్రపు 1957 నాటి చట్టము బ్రిడ్జి, రమ్మీ, పోకరులను జూదమునుండి పేరుపెట్టి మినహాయించినది. కర్ణాటక హైకోర్టు 2013లో ఆటగాండ్ర సంఘము వేసిన వ్యాజ్యమున అనుకూలముగా జెప్పినది. గుజరాతు హైకోర్టు 2017లో పోకరు జూదమే యన్నది. మద్రాసు హైకోర్టు 2023 నవంబరులో రమ్మీయు పోకరును నేర్పాటలే యన్నది. అమెరికాలో 2012 ఆగస్టున న్యూయార్కు నందలి ఫెడరల్ న్యాయమూర్తి వైన్‌స్టీన్‌గారు లెక్కలన్నియు పరిశీలించి పోకరు నేర్పాట యనగా, సంవత్సరము తిరిగీతిరుగకమున్నే పైకోర్టు ఆ తీర్పును త్రిప్పివేసినది.

లెక్కలోనికి వచ్చితిమి గనుక మా రైతునకు ఆనాడు చెప్పలేకపోయిన జవాబు నిచ్చట వ్రాసెదము. ఆఱుగురు సమానమైన నేర్పు గలవారు తలకు వేయిరూపాయలతో కూర్చుండిరనుకొందము. ఒక్కొక్క చేతికి నడుమబడు పందెము నూఱు. దానినుండి ఆడించువాడు రేకు అను పేర అయిదు తీసికొనును. గంటకు అఱువదిచేతులు నడచినచో మూడువందలు. ఇరువదిగంటలలో ఆఱువేలు. అనగా ఆఱుగురు తెచ్చిన ధనమంతయు ఆడించువాని పెట్టెలోనికి బోయెను. ఎవ్వరును ఎవ్వరిని మోసగింపలేదు. పొలములో వేసిన పందెమునకు టమోటాలైనను మొలచును. ధరపడిపోయి రోడ్డుపై బాఱబోసినను, పండినదేదో భూమిమీద నుండును. పేకబల్లపై నేమియు మొలవదు. ఆడినకొలది తఱుగుటయే దాని స్వభావము. కౌటిల్యుని నూటికయిదును ఈ నూటికయిదును సంఖ్యలో ఒక్కటే గాని, ఆనాడు రాత్రికి నాలుగుమాఱులు పాచికలు విసరిన సాలకును, నిమిషమున కొకచేయి పంచు యంత్రమునకును పోలికలేదు. నేర్పు గలవాడు ఈ తఱుగును దాటి లాభము పొందవలెనన్నచో, తనకంటె నేర్పు తక్కువైనవారు నిత్యము బల్లకు రావలెను. మా రైతుకుమారుడు అట్లు వచ్చినవారిలో నొకడు.

అమెరికా కథను కొంత విపులముగా జెప్పవలసియున్నది; ఏలయనగా ఆటగాండ్ర సంఘములకు మాతృక యచ్చటిదే. పోకరు ప్లేయర్స్ అలయన్స్ అను సంఘము 2005లో ఏర్పడెను. 2006 అక్టోబరులో ఆ దేశము ఇంటర్నెట్టు జూదమునకు బ్యాంకులద్వారా సొమ్ము పోకుండ చట్టము చేయగా, సంఘము బలపడినది. మాజీ సెనేటరు డి'అమాటో దానికి అధ్యక్షుడయ్యెను. తమ యాట వ్యక్తిస్వాతంత్ర్యమనియు, నేర్పనియు, నిషేధముకంటె లైసెన్సు మేలనియు వారు వాదించిరి. ఇంతలో 2011 ఏప్రిలు 15వ తేదీన అమెరికా న్యాయశాఖ మూడు పెద్ద పోకరు సంస్థలపై అభియోగములు మోపి వాని వెబ్‌సైట్లను స్వాధీనము చేసికొనెను. ఆటగాండ్ర సొమ్ము చిక్కుకొనెను. ఒక సంస్థయొద్ద ఆటగాండ్ర ఖాతాలలో జూపబడిన సొమ్మునకు తగిన ధనము పెట్టెలోనే లేదని పిమ్మట ప్రభుత్వము ఆరోపించెను. అచ్చటి ఆటగాండ్రలో పెక్కుమందికి 2014లో గాని తమ డబ్బు చేతికందలేదు. ఎవ్వరి లెక్కయు చూడని చోట సొమ్ము దాచుకొన్నందుకు ఫలమది. తరువాత 2013లో నెవాడా, డెలావేరు, న్యూజెర్సీ రాష్ట్రములు లైసెన్సులిచ్చి ఆటను వెలుగులోనికి దెచ్చినవి. ఈ విషయమున సంఘము చెప్పినది నిజమైనది. కాని ఆ సంఘమునకు ధనబలము చాలవఱకు ఆట నడుపు సంస్థల పక్షమునుండియే వచ్చుచుండెననియు, 2011 తరువాత ఆ ధనము తగ్గగా సంఘము చిక్కిపోయెననియు గూడ చెప్పకపోయిన చరిత్ర సగమే యగును. ఆటగాండ్ర పేర మాటలాడువారు ఎవ్వరి యన్నము దినుచున్నారో యడుగుట అమర్యాద కాదు.

మన యింటికి మరలుదము. తెలంగాణము 2017లో ఆర్డినెన్సులద్వారా 1974 నాటి చట్టమును సవరించి ఆన్‌లైను రమ్మీని నిషేధించెను. హైదరాబాదులోనే పుట్టి పెరిగిన రమ్మీ సంస్థలకు సొంత ఊరే పరాయిదయ్యెను. ఆంధ్రప్రదేశము 2020 సెప్టెంబరులో ఆ దారినే బట్టెను: ఆడించువారికి మొదటిసారి ఒక సంవత్సరము, రెండవసారి రెండు సంవత్సరములు, ఆడినవారికి ఆఱునెలల వఱకు చెఱ. ఆ యక్టోబరులో ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డిగారు 132 వెబ్‌సైట్లను యాప్‌లను మూసివేయించవలసినదని కేంద్రమంత్రికి జాబు వ్రాసిరి. తమిళదేశము, కర్ణాటకము చేసిన నిషేధములను వాని హైకోర్టులు 2021 ఆగస్టునను 2022 ఫిబ్రవరినను కొట్టివేసినవి. ఒకవంక నిషేధించుచునే మఱియొకవంక 2023 అక్టోబరు 1 మొదలుకొని ఆటగాడు కట్టు సొమ్మంతటిపై నూటికి ఇరువదియెనిమిది జి.యస్.టి. వేసిరి. సభికుని నూటికయిదును జూచి యాజ్ఞవల్క్యుని లోభియనుకొన్నవారు ఈ యంకెను జూడవలెను!

2025 ఆగస్టు 20న లోక్‌సభయు, 21న రాజ్యసభయు ఆన్‌లైను ఆటల బిల్లును ఆమోదించినవి. 22న రాష్ట్రపతి సమ్మతి లభించెను. నేర్పా, అదృష్టమా యను భేదము లేకుండ డబ్బుపందెముతో నడచు ఆన్‌లైను ఆటలన్నియు నిషిద్ధములు. ఆడించువానికి మూడేండ్ల వఱకు చెఱయు, కోటిరూపాయల వఱకు జుల్మానాయు. ప్రకటన చేసినవానికి రెండేండ్లును, యేబదిలక్షలును. ఆడినవానికి శిక్ష లేదు. ఈ యంశము మన రాష్ట్రపు చట్టముకంటె దయగలది, మేము మనసార మెచ్చుకొనుచున్నాము. ఏటేట నలువదియైదుకోట్ల జనులు రమారమి యిరువదివేలకోట్లు పోగొట్టుకొనుచున్నారని ప్రభుత్వపక్షమువారు జెప్పిరి. దేశమంతట చర్చింపవలసిన ఈ విషయము రెండుదినములలో ఉభయసభలను దాటుట మాకు నచ్చలేదు. 1867నుండి నూటయేబది యేండ్లకు పైగా న్యాయస్థానములు వడకట్టుచు వచ్చిన నేర్పు–అదృష్టముల భేదమును ఒక్క వాక్యముతో త్రోసివేయుటకు కొంత ఎక్కువ సమయము పట్టియుండవలసినది. చట్టముపై పెట్టిన వ్యాజ్యములను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనయొద్దకు దెప్పించుకొన్నది. తీర్పును గూర్చి జోస్యము చెప్పుట మా పని కాదు.

నిషేధము వచ్చిన పిమ్మట ఆ రైతుయింటి పిల్లవాడు మానినాడా? ఆతని తల్లి మా గృహిణితో చెప్పిన మాట యిది: "ఆపేసినారని చెప్పినారు గదక్కా. ఇప్పుడింకేదో యాపంట, ఏ దేశానిదో తెలీదు. ముందరైతే పోయిన డబ్బుకు ఫోన్ చేసి అడిగేదానికి ఒక నంబరన్నా ఉండె." ఆమె స్మృతులు చదువలేదు. కాని సభికుడు లేనిచోట ఆడినదానికి రాజు పూచీ లేదన్న యాజ్ఞవల్క్యుని మాటయొక్క రెండవవైపును ఆమె చూపినది. నిషేధము మంచిదని నమ్మియున్న మా మనసును ఈ మాట కదల్చినట్లు దాస్‌గారి తీర్పును కదల్చలేదు.

ఇట్లు పరిశీలించి మేము శిష్యునకు జాబు వ్రాసితిమి. సంఘమువారి మూలవాదముతో, అనగా చాటున నడచు ఆటకంటె లైసెన్సుతో బయట నడచు ఆట గృహస్థునకు తక్కువ హానికరమన్నదానితో, మేమేకీభవించుచున్నాము. అందులకై ప్రభుత్వమును ప్రార్థించు హక్కు వారికి గలదు. జూదరులని వారిని వెక్కిరించి నోరు మూయించుట సంస్కారము కాదు. కాని నేర్పు అను నొక్క మాటను పట్టుకొని పత్రమంతయు నడపుటకు మేమొప్పుకొనము. నేర్పుండుటచే ఆట నేరము గాకపోవచ్చును, నిరపాయము కాదు. కావున పత్రమున కొన్నిమాటలు చేర్చవలెనని కోరితిమి. 1967 నాటి తీర్పులోని రెండవ వాక్యమును మొదటిదాని ప్రక్కనే అచ్చువేయవలెను. ఆడించువాడు నూటికెంత తినునో ప్రతి బల్లమీద కనబడవలెను. నెలకు ఇంతకు మించి పోగొట్టుకొనరాదను హద్దును ఆటగాడు ముందే యేర్పఱచుకొనవలెను. ఆ హద్దు ఆనాటికానాడు పెంచుకొను వీలుండరాదు. సినిమానటులచేత ప్రకటనలు చేయించరాదు. ఇంటివారు ఫిర్యాదు చేసికొనుటకు మన భాషలో మాటలాడు మనిషి యుండవలెను. తుదకు, ఈ సంఘము ఎవ్వరి సొమ్ముతో నడచుచున్నదో, ఆటగాండ్ర చందా యెంత, ఆడించువారి విరాళ మెంత యని యేటేట లెక్క ప్రకటింపవలెను.

పదిదినములకు జవాబు వచ్చినది. శిష్యుడు వినయవంతుడు, గురువుగారి సలహాలన్నియు సమంజసములే యని, ఒక్కొక్కదానికి తన యభిప్రాయమును విడివిడిగా వ్రాసినాడు. నెలసరి హద్దును తాను రెండేండ్లుగా స్వయముగా పాటించుచున్నానన్నాడు. తీర్పులోని రెండవ వాక్యము తానింతవఱకు చదువలేదనియు, చదివి ఆశ్చర్యపడితిననియు ఒప్పుకొన్నాడు. విరాళముల లెక్కను గూర్చి మాత్రము కార్యవర్గము నడిగి వ్రాసెదనన్నాడు. ఆ పత్రము మా బల్లమీద పరీక్షకాగితముల క్రింద నున్నది. సంతకము చేయవలసిన గడి యింకను ఖాళీగానే యున్నది; రెండవజాబు రాలేదు.